ఎలెవన్ ప్లస్‌లో మార్కులు తగ్గితే: గ్రామర్ స్కూల్ అప్పీల్, అక్టోబర్ నుంచి తీర్పు దాకా

గ్రామర్ స్కూల్‌లో చేరడానికి రాసే ఎలెవన్ ప్లస్ పరీక్ష రిజల్ట్ మెయిల్ తెరిచిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అమ్మాయికి మూడు మార్కులు తగ్గాయి. ఆ రాత్రే కూర్చుని అప్పీల్ ఉత్తరం రాసేశాను, నాలుగు పేజీలు. పాప ఎంత కష్టపడిందో, ఎంత ఏడ్చిందో, ఆ స్కూలంటే దానికి ఎంత ఇష్టమో అన్నీ రాశాను. ఐదు నెలల తర్వాత అసలు అప్పీల్ పంపేటప్పుడు చూసుకుంటే ఆ నాలుగు పేజీల్లో పనికొచ్చినవి రెండే రెండు వాక్యాలు. ఆ రెండూ నేను రాసినవి కావు, పాప క్లాస్ టీచర్ రిపోర్టులో రాసినవి.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ గ్రామర్ స్కూళ్ల గురించే, అంటే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సెకండరీ స్కూళ్లు. ఇవి మొత్తం 163. 1998లో వచ్చిన చట్టం కొత్తవి పెట్టకుండా ఆపేసింది కాబట్టి ఉన్న సీట్లకే ఇంత పోటీ. స్కాట్లండ్, వేల్స్‌లలో గ్రామర్ స్కూళ్లు లేవు, నార్తర్న్ ఐర్లండ్ పద్ధతి వేరు. ఫీజు కట్టే ప్రైవేట్ స్కూళ్లకు ఈ అప్పీల్ హక్కు వర్తించదు. నియమాలన్నీ 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న స్కూల్ అడ్మిషన్ అప్పీల్స్ కోడ్‌లో ఉన్నాయి. అది ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే చిన్న పుస్తకం. కన్సల్టెంట్‌కు డబ్బు కట్టే ముందు దాన్ని ఒకసారి చదవండి. అప్పీల్‌కు ఫీజు ఏమీ లేదు.

మొదట తేల్చుకోవాల్సింది: మీకు ఏ రకం 'కాదు' వచ్చింది?

'సీటు రాలేదు' అని అందరం ఒకే మాట అంటాం గానీ దాని వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు.

ఒకటి, పిల్ల అర్హత మార్కు దాటలేదు. బకింగ్‌హమ్‌షైర్‌లో 121, స్లౌలో 111 అర్హత మార్కులు. కెంట్‌లో మొత్తం స్కోరుతో పాటు ఒక్కో పేపర్‌లోనూ కనీస స్కోరు ఉండాలి. అందుకే అక్కడ మొత్తం బాగానే ఉన్నా ఒక్క పేపర్ దెబ్బతీయొచ్చు. ఈ రకం అప్పీల్‌లో పిల్లకు గ్రామర్ స్కూల్ స్థాయి చదువు ఉందని రుజువు చూపాలి. స్కూల్ నిండిపోయి ఉంటే, ఇంకొకరిని ఎందుకు తీసుకోవాలో కూడా చెప్పాలి.

రెండు, అర్హత వచ్చింది గానీ దూరం వల్లో మరో కారణం వల్లో సీటు అందలేదు. ఇక్కడ పిల్ల తెలివి గురించి వాదించాల్సిన పనే లేదు. వాదనంతా ఆ స్కూల్ ఇంకొక పిల్లను భరించగలదా, మీ పిల్లకు ఆ స్కూలే ఎందుకు కావాలి అన్న దాని మీదే.

మూడోది కష్టమైనది. లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్స్, హెన్రియెటా బార్నెట్, రెడింగ్ ఊళ్లోని రెడింగ్ స్కూల్ లాంటి చోట్ల పోటీ మరీ ఎక్కువ. అక్కడ కనీస మార్కు దాటినవాళ్లే సీట్ల కంటే చాలామంది ఉంటారు. ఇలాంటి చోట 'మా వాడు తెలివైనవాడు' అంటే, బయట నిలబడ్డ మిగతావాళ్లందరూ తెలివైనవాళ్లే. అప్పీల్ చేయొద్దని అనను, ఆశ మాత్రం అదుపులో పెట్టుకోండి.

అక్టోబర్ 31లోపు: ఫారంలో ఆ స్కూల్ పేరు పెట్టండి

మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మార్కు రాలేదు కదా అని సెకండరీ అప్లికేషన్‌లో గ్రామర్ స్కూల్ పేరే రాయరు. తర్వాత మార్చిలో అప్పీల్ చేద్దామంటే నేరుగా దారి ఉండదు. అప్పీల్ హక్కు పుట్టేది 'మీకు సీటు ఇవ్వడం లేదు' అన్న నిర్ణయం నుంచి. మీరు అడగకపోతే వాళ్లు కాదనరు, వాళ్లు కాదనకపోతే అప్పీల్ లేదు. కాబట్టి అర్హత రాకపోయినా, అప్పీల్ ఆలోచన ఏ మూల ఉన్నా, పేరు పెట్టండి. దాని కిందే మీకు నిజంగా వచ్చే అవకాశమున్న మంచి కాంప్రహెన్సివ్ (ప్రవేశ పరీక్ష లేని) స్కూల్ పేరు కూడా తప్పకుండా పెట్టండి. పైన గ్రామర్ స్కూల్ రాసినంత మాత్రాన కింది స్కూల్ అవకాశం తగ్గదు.

రివ్యూనా, నేరుగా అప్పీలా?

కొన్ని చోట్ల అప్పీల్ కంటే ముందు రివ్యూ అని ఒకటి ఉంటుంది. బకింగ్‌హమ్‌షైర్‌లో రిజల్ట్ వచ్చాక తల్లిదండ్రులు సెలెక్షన్ రివ్యూ అడగొచ్చు. హెడ్‌టీచర్లతో కూడిన ప్యానెల్ కాగితాలు చూసి నిర్ణయిస్తుంది. కెంట్‌లో ఇలాంటి పని రిజల్ట్ రాకముందే అయిపోతుంది. కొందరు పిల్లల్ని ప్రైమరీ హెడ్‌టీచరే ప్యానెల్ ముందు పెడతారు, పరీక్ష రోజు రాయించిన రైటింగ్ టాస్క్‌ను అప్పుడే చూస్తారు.

రివ్యూ ఐచ్ఛికమైన చోట తొందరపడి అడగకండి. ఎందుకంటే రివ్యూలో కాదన్నాక అప్పీల్‌కు వెళ్తే, అప్పీల్ వినే ప్యానెల్ మొదట చూసేది ఒక్కటే: రివ్యూ న్యాయంగా, అందరికీ ఒకే పద్ధతిలో, నిష్పక్షపాతంగా జరిగిందా లేదా. అలా జరిగిందని తేలితే అర్హత సంగతి అక్కడితో ముగిసినట్టే, మీ పిల్ల రిపోర్టులు ఎంత బాగున్నా వాటి దాకా రారు. అలా జరగలేదని అనిపిస్తేనే చదువు రుజువుల దాకా వస్తారు. రివ్యూకు వెళ్లకపోతే ప్యానెల్ నేరుగా మీ రుజువులే చూస్తుంది.

నా లెక్క ఇది. నవంబర్ నాటికే చేతిలో గట్టి కాగితాలుండి, హెడ్‌టీచర్ పూర్తిగా మీ వైపు ఉంటే రివ్యూకు వెళ్లండి, క్రిస్మస్ లోపే తేలిపోవచ్చు. అరకొర కాగితాలైతే ఆగి, అప్పీల్ నాటికి కూడబెట్టుకోండి. రివ్యూ అడిగే గడువు చాలా తక్కువ కాబట్టి ఈ ఆలోచన రిజల్ట్ రాకముందే చేసి పెట్టుకుంటే మేలు.

ప్రైమరీ స్కూల్ నుంచి రావాల్సిన కాగితాలు

అప్పీల్ గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. అర్హత రాని పిల్ల విషయంలో కోడ్ స్వయంగా రెండు ఉదాహరణలు ఇస్తుంది. ఒకటి ఇయర్ 5, ఇయర్ 6 (ప్రైమరీలో చివరి రెండేళ్లు) ఫలితాలున్న స్కూల్ రిపోర్టులు. రెండోది, పిల్ల గ్రామర్ స్కూల్ స్థాయిలో ఉందని ఎందుకు అనుకుంటున్నారో స్పష్టంగా చెప్పే స్కూల్ ఉత్తరం. ప్యానెల్ తనంతట తాను పిల్లకు కొత్త పరీక్ష పెట్టకూడదు, పిలిచి ప్రశ్నలు అడిగి తేల్చకూడదు. అంటే మీరిచ్చే కాగితమే వాళ్ల కళ్లు.

స్కూల్‌ను అడగాల్సినవి చెప్తాను. కాగ్నిటివ్ ఎబిలిటీస్ టెస్ట్ (అందరూ క్యాట్ అంటారు) పెట్టి ఉంటే ఆ స్కోర్లు అన్నిటికంటే విలువైనవి. సగటు 100, కోచింగ్‌తో పెద్దగా సంబంధం లేని పరీక్ష, రీజనింగ్ కొలుస్తుంది. అన్ని ప్రైమరీ స్కూళ్లూ పెట్టవు గానీ అడిగితే పోయేదేముంది. ఆ తర్వాత ఏటా పెట్టే స్టాండర్డైజ్డ్ టెస్టుల స్కోర్లు, రీడింగ్ ఏజ్, ఇయర్ 4, ఇయర్ 5 రిపోర్టులు. ప్రైమరీ చివర్లో పెట్టే జాతీయ పరీక్షలు, ఇయర్ 6 శాట్స్, మేలో జరుగుతాయి, ఫలితాలు జూలైలో వస్తాయి. మీ అప్పీల్ విచారణ అప్పటికే అయిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి స్కూల్‌లో పెట్టిన ప్రాక్టీస్ శాట్స్ పేపర్ల స్కోర్లు తీసుకోండి. శాట్స్ స్కోరు 80 నుంచి 120 మధ్య ఉంటుంది. 100 వస్తే ఆశించిన స్థాయి, 110, ఆ పైన వస్తే పై స్థాయి.

ఇక్కడో చిక్కుంది. ప్రైమరీ రిపోర్టుల్లో సాధారణంగా మూడే మాటలు: వర్కింగ్ టువర్డ్స్ (ఇంకా అందుకోలేదు), ఎక్స్‌పెక్టెడ్ (ఆశించినంత), గ్రేటర్ డెప్త్ (అంతకు మించి). ఎక్స్‌పెక్టెడ్ అని ఉంటే మన కంటికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్యానెల్‌కు మాత్రం అది 'మామూలు' అని అర్థం. రీడింగ్, రైటింగ్, మాథ్స్ మూడింట్లో రెండైనా గ్రేటర్ డెప్త్ లేకపోతే మీ కేసు బలహీనంగా ఉందని నిజాయితీగా ఒప్పుకోండి. అయినా వెళ్లదలిస్తే వెళ్లండి, కళ్లు తెరుచుకుని వెళ్లండి.

హెడ్‌టీచర్ ఉత్తరం గురించి. 'చక్కటి పిల్ల, అందరితో కలిసిపోతుంది' అని రాస్తే అది పుట్టినరోజు కార్డుకు పనికొస్తుంది. కావాల్సింది కొలతలు. తరగతిలో ఎక్కడ ఉంది? ఇంతకు ముందు గ్రామర్ స్కూల్‌కు అర్హత పొందిన పిల్లలతో పోలిస్తే ఎలా ఉంది? పరీక్ష ఫలితం చూసి స్కూల్ ఆశ్చర్యపోయిందా? ఈ మూడు ప్రశ్నలూ మర్యాదగా మెయిల్‌లో పెట్టి, వీటికి జవాబు వచ్చేలా రాయమని కోరండి. మీరే ఉత్తరం రాసి సంతకం పెట్టమని మాత్రం అడగకండి. మా పాప రిపోర్టులో టీచర్ రాసిన ఆ రెండు వాక్యాలు ఏమిటంటే, తరగతిలో మాథ్స్‌లో మొదటి ముగ్గురిలో ఉందని, చెప్పని పద్ధతుల్లో లెక్కలు చేసి చూపిస్తుందని. అంతే.

కొన్ని స్కూళ్లు మద్దతు ఉత్తరాలు రాయకూడదని నియమం పెట్టుకుంటాయి. వాళ్లతో పోట్లాడి లాభం లేదు. ఉత్తరం ఇవ్వకపోయినా రికార్డులు ఇవ్వాల్సిందే. కౌన్సిల్ కింద నడిచే మెయింటైన్డ్ స్కూలైతే రాతపూర్వకంగా అడిగిన 15 స్కూల్ రోజుల్లో పిల్ల ఎడ్యుకేషనల్ రికార్డు ఇవ్వాలి. అకాడమీ (కౌన్సిల్ కింద లేని ప్రభుత్వ స్కూల్) అయితే డేటా రక్షణ చట్టం కింద అడగొచ్చు, మామూలుగా ఒక నెల గడువు. మార్చి దాకా ఆగకండి, నవంబర్‌లోనే అడగండి.

ఇక బరువు లేని కాగితాలు. ట్యూషన్ మాస్టారి ఉత్తరం, కోచింగ్ సెంటర్ మాక్ టెస్టుల ర్యాంకు, అబాకస్ సర్టిఫికెట్, కూచిపూడి అరంగేట్రం ఫోటోలు. మనకు సర్టిఫికెట్లంటే ప్రాణం, ఫైల్ లావుగా ఉంటే కేసు బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. మేమూ మొదట 30 పేజీలు పోగేశాం. చివరికి పంపింది తొమ్మిది. ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ రిపోర్టుకు వందల పౌండ్లు అవుతాయి. స్కూల్ దగ్గర సరైన డేటా ఏమీ లేనప్పుడు దాని గురించి ఆలోచించండి, లేకపోతే ఆ డబ్బు దాచుకోండి.

ఆ రోజు ఎందుకు తగ్గింది?

తెలివైన పిల్లే అయితే మార్కులెందుకు రాలేదు అని ప్యానెల్ తప్పక అడుగుతుంది. కారణం ఉంటే చెప్పండి, దానికి అప్పటి తేదీతో ఉన్న కాగితం చూపండి. జ్వరమైతే ఆ వారంలో జీపీ (మన ఏరియా డాక్టర్) దగ్గరికి వెళ్లిన రికార్డు. ఇండియాలో తాతగారు పోయారనుకోండి, మరణ ధ్రువపత్రం, పిల్లలో మార్పు గమనించానని టీచర్ రాసిన ఒక్క లైను. పరీక్ష హాల్లో ఏదైనా గందరగోళం జరిగితే అదే రోజు పంపిన మెయిల్. ఆరు నెలల తర్వాత గుర్తొచ్చిన కారణానికి విలువ ఉండదు.

'ఒంట్లో బాలేకపోతే పరీక్షకు ఎందుకు పంపారు?' అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి. సాధారణంగా జబ్బు చేసిన పిల్లలకు మరో తేదీ ఇస్తారు కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. (ఇంకా పరీక్ష రాయని పిల్లలున్నవాళ్లకు ఒక మాట: పిల్ల బాగోకపోతే ఆ ఉదయమే ఫోన్ చేసి చెప్పండి, పారాసిటమాల్ ఇచ్చి పంపకండి.)

'ఆగస్టులో పుట్టింది, క్లాసులో అందరికంటే చిన్నది' అన్న వాదన పనిచేయదు. స్కోర్లను సాధారణంగా వయసును బట్టి ముందే సర్దేస్తారు. 'ఇంట్లో తెలుగు మాట్లాడతాం' అన్నదీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకు నిలబడదు. ఇయర్ 4లోనో 5లోనో ఇండియా నుంచి వచ్చిన పిల్లైతే సంగతి వేరు. మాథ్స్, నాన్ వెర్బల్ స్కోర్లు బాగా ఎక్కువగా ఉండి ఇంగ్లిష్, వెర్బల్ మాత్రమే తగ్గితే ఆ తేడాయే మీ రుజువు. వచ్చినప్పటి నుంచి ఇంగ్లిష్ ఎంత వేగంగా పెరిగిందో స్కూల్ చేత అంకెల్లో చెప్పించండి.

ప్రత్యేకంగా ఏ కారణమూ లేకపోతే కల్పించకండి. 'ఎందుకు తగ్గిందో మాకూ తెలియదు, మిగతా రుజువులన్నీ మాత్రం ఇలా ఉన్నాయి' అనడం గౌరవంగా ఉంటుంది.

మార్చి 1: ఆఫర్ రోజు చేయాల్సినవి

మార్చి 1న, అది సెలవైతే తర్వాతి పనిదినాన, కౌన్సిల్ ఏ స్కూల్ ఇచ్చిందో చెప్తుంది. ఇచ్చిన సీటును వెంటనే ఒప్పుకోండి. ఒప్పుకుంటే అప్పీల్ దెబ్బతింటుందని ఒక పుకారు తిరుగుతుంటుంది, అది తప్పు. వద్దంటే మాత్రం రెండిటికీ చెడ్డ రేవడి అవుతారు. అర్హత ఉన్న పిల్లైతే గ్రామర్ స్కూల్ వెయిటింగ్ లిస్టులో పేరుందో లేదో చూసుకోండి. కొన్ని చోట్ల అడిగితేనే పెడతారు.

అప్పీల్ పెట్టడానికి కనీసం 20 స్కూల్ రోజులు ఇవ్వాలని నియమం. ఈస్టర్ సెలవులు ఇందులో లెక్కకు రావు. అసలు తేదీ ఆ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ప్రతి స్కూల్‌కూ విడిగా అప్పీల్ పెట్టాలి. కాగితాలన్నీ చేతికి రాకపోయినా గడువులోపు ఫారం పంపేసి, మిగతా రుజువులు తర్వాత పంపుతామని రాయండి. వాటికి కూడా ఒక చివరి తేదీ ఉంటుంది. దాన్ని దాటించి విచారణ రోజు చేత్తో పట్టుకెళ్తే ప్యానెల్ చూడకపోవచ్చు.

పిల్లకు ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ ఇచ్చే పత్రం) ఉంటే ఇదంతా మీకు వర్తించదు. ఆ దారి వేరు, అలాంటి పిల్లల కేసులు వినే సెండ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఉత్తరం

ఒకటిన్నర పేజీ చాలు. మొదటి పేరాలో పిల్ల పేరు, స్కోరు, ఎన్ని మార్కులు తక్కువో సూటిగా చెప్పండి. తర్వాత చదువు రుజువులు, ఒక్కోదాని పక్కన జతచేసిన కాగితం నంబరు. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో, ఏదైనా ఉంటే. చివర్లో ఆ స్కూలే ఎందుకన్నది. 'టాప్ రిజల్ట్స్ వస్తాయి' అని రాయకండి, అది ప్రతి అప్పీల్‌లోనూ ఉంటుంది. అక్కడ ఉండి, మీకు ఆఫర్ చేసిన స్కూల్‌లో లేనిది వెతకండి: లాటిన్, ఆర్కెస్ట్రా, ఎలక్ట్రానిక్స్, ఏదైనా సరే, పిల్ల ఇప్పటికే అందులో ఏదో చేస్తూ ఉండాలి. ఆఫర్ చేసిన స్కూల్‌ను తిట్టకండి. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ల పిల్లలు అలాంటి స్కూల్‌లోనే చదివి ఉండొచ్చు.

ఉత్తరం రాశాక మీ పిల్లను అసలు తెలియని ఒకరికి చదవడానికివ్వండి. 'పాప గురించి నీకేం అర్థమైంది?' అని అడగండి. వాళ్లు అంకెలు చెప్పకుండా 'పాపం' అన్నారంటే మళ్లీ రాయండి.

విచారణ

కనీసం 10 స్కూల్ రోజుల ముందు తేదీ చెప్తారు. ఎదురుగానైనా ఉండొచ్చు, వీడియోలోనైనా ఉండొచ్చు. ప్యానెల్‌లో కనీసం ముగ్గురు. వాళ్లలో విద్యారంగం తెలిసినవారు ఒకరైనా, ఆ రంగంతో సంబంధం లేని మామూలు పౌరుడు ఒకరైనా ఉండాలి. వీళ్లకు ఆ స్కూల్‌తో సంబంధం ఉండకూడదు. క్లర్క్ పద్ధతి చూసుకుంటారు, నోట్స్ రాసుకుంటారు. స్కూల్ తరఫున ఒకరు మాట్లాడతారు. పిల్లను తీసుకెళ్లనక్కర్లేదు. తోడుగా స్నేహితుణ్ణి తీసుకెళ్లొచ్చు, ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీని కూడా.

ముందు స్కూల్ తన వాదన చెప్తుంది: ఇన్ని సీట్లే, నిండిపోయాయి, ఇంకొకరొస్తే మిగతా పిల్లల చదువుకు నష్టం. చాలామంది అప్పీల్ చేసుంటే ఈ భాగం అందరికీ కలిపి పెడతారు. అప్పుడు మీ పిల్ల ఆరోగ్యం, ఇంటి సంగతులు ఎత్తకండి, పదిమంది వింటుంటారు. మీరు అడగాల్సినవి స్కూల్ సామర్థ్యం గురించిన ప్రశ్నలే. గత మూడేళ్లలో ప్రకటించిన సంఖ్య కంటే ఎక్కువ మందిని తీసుకున్నారా? అప్పుడు ఏం నష్టం జరిగింది? ప్రస్తుతం ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారు? స్కూల్ పంపే కాగితాల్లోనే ఈ అంకెలు కొన్ని దొరుకుతాయి, మిగతావి క్లర్క్ ద్వారా ముందే రాతపూర్వకంగా అడగండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లా చేయకండి. మా ఆయన మొదట లాయర్‌లా తయారయ్యారు, టేబుల్ కింద కాలు తొక్కాల్సి వచ్చింది.

తర్వాత మీ వంతు. ఉత్తరం మొత్తం చదవకండి, వాళ్లు చదివే వస్తారు. ముఖ్యమైన మూడు విషయాలు చెప్పి ప్రశ్నల కోసం ఆగండి. మమ్మల్ని 'పాపకు చదువులో ఏది కష్టం?' అని అడిగారు. ఏమీ కష్టం లేదని చెప్పాలనిపించింది. చివరికి స్పెల్లింగ్ తప్పులు బాగా వస్తాయనే చెప్పాం, టీచర్ రిపోర్టులోనూ అదే ఉంది. అక్కడ అబద్ధమాడి ఉంటే మిగతా కాగితాలను కూడా నమ్మేవాళ్లు కాదనుకుంటాను. ఆఖరి మాట మీకే ఇస్తారు. రెండు నిమిషాలు, కొత్త విషయాలు ఏమీ లేకుండా.

తీర్పు, ఆ తర్వాత

వీలైనంత వరకు 5 స్కూల్ రోజుల్లో ఉత్తరం రావాలి. మాకు నాలుగో రోజు వచ్చింది, సీటు ఇచ్చారు. మాతోపాటే అప్పీల్ చేసిన ఒక కుటుంబానికి మాకంటే మంచి క్యాట్ స్కోర్లున్నాయి, వాళ్లకు రాలేదు. అది వేరే స్కూల్, పూర్తిగా నిండిపోయింది. పిల్లకు అర్హత ఉందని ప్యానెల్ ఒప్పుకున్నా, సీటు కోసం రెండో గడప దాటాలి.

ప్యానెల్ నిర్ణయానికి స్కూల్ కట్టుబడాలి, మీరూ కట్టుబడాలి. పరిస్థితి గణనీయంగా మారితే తప్ప అదే స్కూల్‌కు అదే విద్యాసంవత్సరంలో మళ్లీ అప్పీల్ ఉండదు. తీర్పు నచ్చలేదని పైకి వెళ్లలేరు. పద్ధతిలో తప్పు జరిగితే, అంటే మిమ్మల్ని మాట్లాడనివ్వకపోవడం, ఇచ్చిన కాగితం చూడకపోవడం లాంటివి జరిగితే, ఫిర్యాదు చేయొచ్చు. మెయింటైన్డ్ స్కూలైతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు, అకాడమీ అయితే డిపార్ట్‌మెంట్ ఫర్ ఎడ్యుకేషన్‌కు. వాళ్లు సీటు ఇప్పించరు, తప్పు తేలితే మళ్లీ విచారణ పెట్టమనొచ్చు. అందుకే విచారణ అయిన సాయంత్రమే ఎవరు ఏమడిగారో, మీరేం చెప్పారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

అర్హత ఉన్న పిల్లల పేరు వెయిటింగ్ లిస్టులో ఉంచండి. కనీసం డిసెంబర్ 31 దాకా లిస్టు నడపాలి, సెప్టెంబర్ మొదటి వారాల్లో ఇళ్లు మారినవాళ్ల సీట్లు ఖాళీ అవుతుంటాయి. కొన్ని గ్రామర్ స్కూళ్లు ఇయర్ 8, 9లలో ఖాళీలుంటే మళ్లీ పరీక్ష పెడతాయి. పదహారేళ్లకు సిక్స్త్ ఫార్మ్‌లో (స్కూల్‌లో చివరి రెండేళ్లు) జీసీఎస్‌ఈ (ఇయర్ 11 చివరి పరీక్షలు) గ్రేడ్ల మీద బయటి పిల్లల్ని చాలా స్కూళ్లు తీసుకుంటాయి. దానికి ఎలెవన్ ప్లస్ మార్కు ఎవరూ అడగరు.